బల్ల మీద యుద్ధం – 4వ పాఠం: జతలు, గడియారం

బల్ల మీద చిన్న సైనికుల బొమ్మలు, పాచికలతో పాత యుద్ధాలు ఆడే పోటీని ఎలా నడపాలో ఈ పాఠాల్లో చూస్తున్నాం. కిందటి పాఠంలో బల్లలు సర్దుకున్నాం. ఒక్కో ఆటకి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల. బొమ్మలు 28 మిల్లీమీటర్లవి, కాలం 1750 నుంచి 1800 దాకా. ఆ కాలంలో మన దగ్గర జరిగిన యుద్ధాలు: బొబ్బిలి 1757, చందుర్తి 1758, పద్మనాభం 1794. మూడూ విశాఖ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయగల చోట్లే. పోటీకి ముందు ఒక్కటైనా చూసి రండి.

ఇక జతలు, అంటే ఏ రౌండ్‌లో ఎవరు ఎవరితో ఆడాలన్నది. చెస్ ఆడినవాళ్లకి స్విస్ పద్ధతి తెలిసే ఉంటుంది. మొదటి రౌండ్‌కి చీటీలు తీస్తాం. ఆ తర్వాత పాయింట్లు సమానంగా ఉన్నవాళ్లని కలుపుతాం. ఒకసారి ఆడిన జత మళ్లీ ఎదురుపడకూడదు. ఎనిమిది మందికి మూడు రౌండ్లు, పదహారు మందికి నాలుగు. గెలుపుకి 3, డ్రాకి 1 ఇవ్వండి.

బేసి సంఖ్య వస్తే చెస్‌లో ఒకరికి బై ఇస్తారు, అంటే ఆ రౌండ్ ఆడకుండానే పాయింట్లు ఇస్తారు. మనం ఇవ్వొద్దు. నెలల తరబడి ఒక్కో సిపాయికి రంగులు వేసి, పెట్టె మోసుకొచ్చిన మనిషిని రెండు గంటలు ఊరికే కూర్చోబెట్టడం అన్యాయం. మిగిలినవాళ్లతో ఆడడానికి అదనపు సైన్యంతో ఒక మిత్రుణ్ణి సిద్ధంగా ఉంచుకోండి.

అసలు కష్టం గడియారంతోనే. నేను నడిపిన మొదటి పోటీలో టైమ్ అవగానే బెల్ కొట్టేశాను. ఒక బల్ల మీద అప్పుడే ఒకరి వంతు పూర్తయింది, ఎదుటివాళ్లకి ఆ వంతు దక్కనే లేదు. ఓడిన కుర్రాడు ఏమీ అనకుండా బొమ్మలు సర్దుకున్నాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. తప్పు పూర్తిగా నాదే. అందుకే ఇప్పుడు రౌండ్‌కి రెండుంపావు గంటలు పెట్టి, గంటా నలభై ఐదు నిమిషాలు కాగానే "ఇప్పుడు నడుస్తున్న వంతు ఇద్దరూ పూర్తి చేయండి, ఇంకొక్క వంతు ఆడి ఆపేయండి" అని గట్టిగా చెబుతాను. ఇద్దరికీ వంతుల లెక్క సమానంగా ఉండాలి. చెస్ గడియారం పెడదామంటారు కొందరు. మన ఆటలో నా వంతులో కూడా ఎదుటివాళ్లు పాచికలు వేయాలి కదా, ఎవరి టైమ్ ఎవరి ఖాతాలో వేస్తాం? దానికన్నా సగం టైమ్‌కి బల్లల దగ్గరికి వెళ్లి వంతులు లెక్కపెట్టి, వెనకబడినవాళ్లకి నెమ్మదిగా గుర్తుచేయడం మేలు.

టైమ్ తినేది వాదనలే. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల సేనాని కల్నల్ ఫోర్డ్ యూరోపియన్ దళం ఏపుగా పెరిగిన చేను వెనక ఫ్రెంచివాళ్లకి కనబడలేదు. ఫోర్డ్ వైపున్న ఎర్రకోట్ల భారతీయ సిపాయిలనే యూరోపియన్లనుకుని వాళ్ల మీదికి వెళ్లారు. అలాంటి చేను బల్ల మీద పెడితే, దాని అవతల ఉన్నది కనిపిస్తుందా లేదా అన్నది ముందే రాసి బల్ల పక్కన అతికించండి. రూల్ దొరక్కపోతే పాచిక వేసి తేల్చేయండి, పుస్తకం రౌండ్ అయ్యాక చూడొచ్చు.

అభ్యాసం: ఎనిమిది చీటీల మీద పేర్లు రాసి, ఫలితాలు మీరే ఊహించుకుంటూ మూడు రౌండ్లు జతపరచండి. మూడో రౌండ్‌లో ఎక్కడ పాత జత ఎదురైందో, దాన్ని ఎలా విడదీశారో నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.