మద్యం మానే సంఘానికి వెళ్లే ముందు

కర్నూలులో మద్యం మానేవారి సంఘం కోసం వెతికే ముందు ఒక్క విషయం చూసుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు వైద్యుడి సలహా లేకుండా ఒక్కసారిగా ఆపకూడదు. కొద్ది గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి 2 రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. ప్రాణం పోయే ప్రమాదం ఇది. "పడుకుంటే అదే తగ్గుతుంది" అని దయచేసి ఇంట్లో ఉంచకండి. ముందు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్యులకు చూపించండి. ఫిట్స్ వస్తే వెంటనే 108కి ఫోను చేయండి.

అన్నంలో తెలియకుండా కలిపే మందులు వద్దే వద్దు. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మందు వేసుకున్న మనిషి మద్యం తాగితే రక్తపోటు పడిపోవచ్చు. ఆ సంగతి అతనికి తెలిసి తీరాలి.

సహాయం ఎక్కడ దొరుకుతుందో వ్యసనాలు మానేవారి కోసం ఉన్న సహాయ నంబరు 14446కు ఉచితంగా ఫోను చేసి అడగండి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే మద్యం మానేవారి సంఘం సమావేశాలకు రుసుము లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. ప్రవేశానికి డబ్బు కట్టాలంటే ఆగి విచారించండి.

— ఇంటివారు కూడా రావచ్చా, తెలుగులో జరుగుతుందా, ముందే కనుక్కోండి.

— ఆదోని, ఎమ్మిగనూరు నుంచి వచ్చేవారు తిరుగు బస్సు వేళ చూసుకోండి. మొదటి వారాల్లో బస్టాండులో ఒంటరిగా గడిపే సాయంత్రం మంచిది కాదు; తోడు ఒకరుండాలి.

— ఫొటోలు తీయకండి. అక్కడ కనిపించినవారి పేర్లు ఊళ్లో ఎవరికీ చెప్పకండి.