డిజిటల్ గేమ్ కొనే ముందు జాగ్రత్తలు

- డబ్బు కట్టినా గేమ్ మీ సొంతం కాదు, ఆడుకునే లైసెన్స్ మాత్రమే వస్తుంది. 2024లో గేమ్ కంపెనీ యూబీసాఫ్ట్ తన ‘ది క్రూ’ అనే రేసింగ్ గేమ్ సర్వర్లు ఆపేశాక, కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. ఇది చాలా అన్యాయం. అందుకే ఒక్కరే ఆడే గేమ్‌కైనా ఇంటర్నెట్ తప్పనిసరా అన్నది ముందే చూడండి.
- జీవోజీ (GOG) అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో దొరికితే అక్కడే కొనండి. ఇన్‌స్టాలర్ డౌన్‌లోడ్ చేసి హార్డ్‌డిస్క్‌లో దాచుకోవచ్చు.
- అకౌంట్‌కు టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి.
- డిజిటల్ గేమ్‌ను డిస్క్‌లా తిరిగి అమ్మలేరు. తొందర లేకపోతే సేల్ వచ్చేదాకా ఆగండి, డిజిటల్‌లో పెద్ద లాభం అదే.
- స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో రీఫండ్ కావాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. కాబట్టి కొన్న రోజే కాసేపు ఆడి, మీ కంప్యూటర్‌లో సరిగ్గా నడుస్తోందో లేదో తేల్చుకోండి.