టైటాన్స్ ఓడుతుంటే ఎవర్ని తిట్టాల్నో తెలుసుకునుడెట్ల

ప్రో కబడ్డీల మన తెలుగు టైటాన్స్ ఓడిన రాత్రి మా హన్మకొండల ఏ వాట్సాప్ గ్రూపు తెరిచినా ఒక్కటే లొల్లి: "రెయిడర్‌కు కోట్లు పోసిండ్రు, పాయింట్ తెస్తలేడు." రెయిడర్ అంటే అవతలి దిక్కు కూతకు పోయేటోడు. తిట్టుడు బంద్ చేయుండ్రని నేనంటలేను, నేను గూడ తిడ్త. కాకపోతే దెబ్బ ఎక్కడ తాకుతుందో చూసి తిడితే ఆ తిట్టుకు విలువ ఉంటది. దానికి ఒక పెన్ను, ఒక కాయితం చాలు. నాది జిరాక్స్ షాపు, ఖరాబైన కాపీలకు కరువు లేదు, వాటి వెనక దిక్కు రాస్త.

కాయితం మీద మన పెద్ద రెయిడర్ పేరు రాయుండ్రి. ఆయన అవుట్ అయిన టైము, మళ్లీ లోపలికొచ్చిన టైము పక్కపక్కన వేసుకోండ్రి. స్క్రీన్ మీద గడియారం 20 నిమిషాల నుంచి కిందికి దిగుతుంటది, అదే లెక్క. ఇంటర్వెల్‌కు కూడి చూడుండ్రి. సగం సేపు బయట్నే కూసున్నడని తేలితే, బెంచీ మీదున్నోడు పాయింట్లు ఎక్కడ్నుంచి తెస్తడు?

ఆయన్ని లోపలికి తెచ్చేది మిగిలినోళ్లు. అవతలోన్ని ఒకన్ని అవుట్ చేస్తే మనోడు ఒకడు లేస్తడు, అది గూడ అవుటైన వరుసల్నే. రెండో రెయిడర్ తాకొచ్చినా సరే, డిఫెండర్లు పట్టినా సరే. బోనస్‌కు, అంటే బోనస్ గీత దాటితే వచ్చే పాయింట్‌కు, మాత్రం ఎవ్వడూ లేవడు. ముగ్గురో, అంతకు తక్కువో ఉండి రెయిడర్‌ను పడితే సూపర్ ట్యాకిల్, దానికి రెండు పాయింట్లొచ్చినా లేచేది ఒక్కడే. అందుకే బోనస్‌లను వేరే గీతలు పెట్టుకోవాలె. మా బామ్మర్ది బోనస్ వస్తే సోఫా మీద ఎగురుతడు. స్కోరు పెరుగుతది నిజమే, పెద్ద రెయిడర్ మాత్రం బయట్నే ఉంటడు.

పెద్ద రెయిడర్ అంటే 2023-24 సీజన్ యాదికొస్తది. టైటాన్స్ వాళ్లు రెయిడర్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నరు, అప్పటికి లీగ్‌ల అదే రికార్డు. 22 మ్యాచులల్ల గెలిచినయి 2. పట్టికల అట్టడుగు. అట్లని పవన్ ఆడలేదా అంటే, ఆ సీజన్ల ఎక్కువ పాయింట్లు తెచ్చిన రెయిడర్లల్ల ఆయనొకడు! దాడి సరిగ్గ లేదని మనం మొత్తుకునేది చానాసార్లు డిఫెన్స్ జబ్బే, లేకుంటే తోడు రెయిడర్ లేని జబ్బు. 2024ల రెండో రెయిడర్‌గ విజయ్ మాలిక్ తోడయినంక అదే టీం 12 గెలిచి ఏడో స్థానానికొచ్చింది. అప్పుడు ప్లేఆఫ్‌లకు ఆరు టీంలే పోయేటియి, అది వేరే ఏడుపు.

ఇగ ఉత్త కూతల సంగతి, అంటే పాయింట్ లేకుండ తిరిగొచ్చుడు. వరుసగ రెండు ఖాళీ పోతే మూడోది డూ ఆర్ డై, పాయింట్ తేకపోతే పోయినోడు అవుటే. ఆ మూడోదానికి ఎవర్ని పంపుతుండ్రో పేరు రాయుండ్రి. పెద్దోన్ని దాచి ఎప్పుడూ కొత్త పోరన్నే పంపుతున్నరంటే, కోచ్‌కు పెద్దోడు మళ్ల లేస్తడన్న నమ్మకం లేదని. ఉత్త కూతలన్నీ తప్పనుకోవద్దు. నాలుగు పాయింట్లు ముందుండి మూడు నిమిషాలే మిగిలితే 30 సెకండ్లు తినొచ్చుడే తెలివి. అందుకే పక్కన స్కోరు గూడ వేసుకోవాలె.

ఇంకోటి, మనోడు ఒక్కడే మిగిలి ఐదు నిమిషాలు సాగదీస్తుంటే చప్పట్లు కొట్టకుండ్రి. మనోళ్లంతా అవుటైతే ఆలౌట్, దానికి అవతలోళ్లకు రెండు పాయింట్లు ఎక్కువ పోతయి గని, ఏడుగురూ ఒక్కసారే లోపలికొస్తరు. జల్ది అయితేనే నయం అనిపించే రోజులుంటయి.

కన్ను ఎక్కడ పెట్టాల్నో మా కాకను చూసి నేర్చుకున్న. గీసుగొండ దిక్కు ఊర్ల పండుగ పోటీలల్ల ఆడిన మనిషి. టీవీ సౌండు తీసేసి రెయిడర్ పాదాలే చూస్తడు. మధ్య గీత నుంచి 3.75 మీటర్లకు బాక్ లైన్, అంటే రెయిడర్ దాటి రావాల్సిన గీత, ఇంకో మీటరు దాటితే బోనస్ గీత. బాక్ లైన్ మీద కాలి మునివేళ్లు పెట్టి, మడిమె మన దిక్కే తిప్పి ఉన్నోడు పాయింట్‌కు రాలే, తిరిగిపోనీకి వచ్చిండు. అట్లనే ప్రతిసారి ఒక్క కార్నర్ దిక్కే పోతున్నడా చూడుండ్రి. రెండు కూతలు చూసిన డిఫెండర్‌కు మూడోసారి చీలమండ దొరకబట్టుడు పెద్ద పని గాదు. అప్పుడు తిట్టాల్సింది రెయిడర్నే, మొహమాటం అవసరం లేదు.

హైలైట్స్ చూసి మాత్రం ఇవన్నీ రాయకుండ్రి. అండ్ల ఉత్త కూతలు కోసేస్తరు, బెంచీ కనపడది. రాత్రి షాపు కట్టేసుడు లేటైతే, మరునాడు పూర్తి మ్యాచ్ పెట్టుకొని, స్కోరు ముందే చెప్పే గ్రూపులను మ్యూట్ చేసుకోండ్రి.