మొదటి మూడు నెలల నీరసం: ఉద్యోగం చేస్తూ నెట్టుకురావడం ఎలా

గర్భ పరీక్షలో రెండు గీతలు కనబడిన వారానికో పది రోజులకో మొదలవుతుంది. రాత్రంతా పడుకుని లేచినా ఒళ్లు లేవదు. పదకొండింటి మీటింగులో కళ్లు మూతలు పడతాయి, ఒక్క అంతస్తు మెట్లెక్కితే కాళ్లు లాగేస్తాయి. పొట్ట కనబడదు కాబట్టి పక్క సీటువాళ్లకి ఏమీ తెలియదు. "ఇప్పుడే ఇలా ఉంటే తొమ్మిదో నెలకి ఏమైపోతానో" అని బెంగపడేవాళ్లే ఎక్కువ. ఆ లెక్క తప్పు. ఎక్కువమందికి ఈ నీరసం 12 నుంచి 14 వారాల మధ్య తగ్గుముఖం పడుతుంది, చివరి నెలల్లో మళ్లీ వచ్చినా అది వేరే రకం. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అంటే నెల తప్పేసరికే నాలుగు వారాలు గడిచిపోయినట్టు.

కారణం బద్ధకం కాదని ముందు మీకు మీరు నచ్చచెప్పుకోండి. ప్రొజెస్టెరాన్ అమాంతం పెరుగుతుంది, దానికి మత్తు కలిగించే గుణం ఉంది. రక్తం పరిమాణం పెరగడం మొదలై గుండె నిమిషానికి మామూలుకన్నా ఎక్కువ రక్తం తోడుతుంది. రక్తనాళాలు వదులై బీపీ కాస్త దిగుతుంది. మరోపక్క మాయ తయారవుతూ ఉంటుంది. బయటికి కుర్చీలో కూర్చున్నట్టే ఉన్నా లోపల పని ఆగదు.

అయితే నీరసం అంతా ఒకటే అనుకుని కాఫీతోనో మొండితనంతోనో నెట్టేయబోతే బెడిసికొడుతుంది. ఖాళీ కడుపు నీరసానికి నిద్ర పనికిరాదు, నిద్ర చాలని నీరసానికి బిస్కెట్లు పనికిరావు. అందుకని మొదట మూడు రోజులు ఫోనులోనే చిన్న పట్టీ రాయండి. నీరసం ముంచుకొచ్చిన టైము, అంతకుముందు చివరిగా తిన్నది ఎప్పుడు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఆ క్షణంలో నిలబడి ఉన్నారా కూర్చుని ఉన్నారా. నాలుగు ముక్కలు చాలు. మూడో రోజుకి వరస తెలిసిపోతుంది. లేవగానే, లేదా తిని మూడు గంటలు దాటాక వచ్చేది కడుపుది. లేచి నిలబడినప్పుడు, ఎక్కువసేపు నిలుచున్నప్పుడు కళ్లు తిరుగుతూ వచ్చేది బీపీది. మధ్యాహ్నం భోజనం తర్వాత కమ్ముకొచ్చేది నిద్రది. సెలవు రోజు కూడా, తిన్నా పడుకున్నా పొద్దుణ్నుంచి రాత్రిదాకా ఒకేలా ఉంటే రక్తపరీక్ష చేయించాల్సిందే.

కడుపు ఖాళీ కానివ్వకండి

వేవిళ్లు ఉన్నవాళ్లకి నీరసంలో పెద్ద వాటా ఖాళీ కడుపుదే. కడుపు ఖాళీ అయితే వికారం, వికారం ఉంటే తినబుద్ధి కాదు, తినకపోతే మరింత నీరసం. ఈ చక్రాన్ని మంచం మీదే ఆపాలి. రాత్రే తలగడ పక్కన చిన్న డబ్బాలో రెండు మూడు పొడి బిస్కెట్లో, కాల్చిన బ్రెడ్డు ముక్కో పెట్టుకోండి. మెలకువ రాగానే లేవకుండా, పక్కకి తిరిగి మెల్లగా నమలండి. పదిహేను ఇరవై నిమిషాలు అలాగే ఉండి అప్పుడు లేవండి. చాలామంది చేసే పొరపాటు బిస్కెట్టు తినగానే గబుక్కున లేచి పళ్లు తోముకోవడం. తిన్నదంతా అక్కడే బయటికొస్తుంది. బ్రష్ పని తర్వాత పెట్టుకోండి. వాంతి అయిన వెంటనే కూడా బ్రష్ చేయకండి, ఆ పులుపుకి మెత్తబడ్డ పళ్లు అరుగుతాయి. నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగండి.

ఆ తర్వాత రోజంతా రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. వట్టి తీపి తింటే అప్పటికి ఓపిక వచ్చినట్టే ఉండి గంటలో జారిపోతుంది. దాంతోపాటు మాంసకృత్తులు ఉండాలి: ఉడికించిన గుడ్డు, పెరుగు, గుప్పెడు పల్లీలు, ఉడికించిన శనగలు, ఏది సయిస్తే అది. ఆఫీసు సొరుగులో ఒక డబ్బా, బ్యాగులో ఒక పొట్లం ఎప్పుడూ ఉండాలి, ఎందుకంటే ఆకలి వేసిందని తెలిసేసరికే ఆలస్యమైపోతుంది. వేడి పదార్థాల వాసన పడకపోతే చల్లారాక తినండి, వాసన తక్కువ కొడుతుంది. నీళ్లు భోజనంతోపాటు గడగడా తాగితే కడుపు ఉబ్బి తిరగేస్తుంది. భోజనాల మధ్యలో గుక్క గుక్కగా తాగండి, రోజుకి రెండు లీటర్లు దాటేలా చూసుకోండి. ఇద్దరికి సరిపడా తినాలన్న మాట ఈ మూడు నెలలకి అసలు వర్తించదు, అదనపు కేలరీల అవసరం ఇప్పుడు దాదాపు లేదు.

వికారం తగ్గడానికి డాక్టరు డాక్సిలమీన్, బి6 కలిసిన మాత్ర రాస్తే అది మత్తుగా ఉంచుతుందని గుర్తుపెట్టుకోండి. పొద్దున వేసుకుని ఆఫీసులో జోగుతూ "ఈ నీరసం తగ్గట్లేదు" అనుకుంటారు కొందరు. రాత్రి పడుకునేముందు వేసుకోవచ్చేమో అడగండి.

నిలబడినప్పుడు కళ్లు తిరిగితే

పడక మీంచి లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కూర్చుని, కాళ్లు కిందకి వేలాడేసి ఒక నిమిషం ఆగి అప్పుడు నిలబడండి. నిలుచుని చేసే ఉద్యోగమైతే (కౌంటరు, క్లాసు, వార్డు, వంటగది) అసలు చిక్కు కాళ్లలో రక్తం నిలిచిపోవడం. ఇరవై నిమిషాలకోసారి మడమలు పైకెత్తి దించుతూ పది పదిహేనుసార్లు చేయండి, పిక్కలు బిగిసి రక్తాన్ని పైకి నెడతాయి. ఒక కాలు చిన్న పీట మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చండి. పిక్కలదాకా వచ్చే బిగుతు సాక్సు పొద్దున మంచం దిగకముందే వేసుకుంటేనే ఉపయోగం. చెవుల్లో హోరు, చెమట, చూపు మసకబారడం మొదలైతే మర్యాదకి చూడకండి, ఉన్నచోటే కూర్చుని తల కిందకి వంచండి, లేదా పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టండి. పడిపోయి తలకి దెబ్బ తగిలించుకోవడంకన్నా నేల మీద కూర్చోవడం నయం.

కునుకు, రాత్రి నిద్ర

మధ్యాహ్నం కునుకు మందులాంటిది, కొలత తప్పకూడదు. ఇరవై నిమిషాలు నిద్ర, పట్టడానికి ఇంకో అయిదు, మొత్తం 25 నిమిషాలకి అలారం. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారి, మధ్యలో లేపితే లేచాక గంటసేపు తల దిమ్ముగా ఉంటుంది. మూడింటిలోపే అయిపోవాలి, లేకపోతే రాత్రి నిద్ర పాడవుతుంది. పడుకునే చోటు లేకపోతే కుర్చీ గోడకి ఆనించి, మెడ వెనక చున్నీనో స్వెట్టరో చుట్టి పెట్టుకుని, కాళ్లు ఇంకో కుర్చీ మీద చాపండి. ఫోను బోర్లా తిప్పండి. నిద్ర పట్టకపోయినా పరవాలేదు, కళ్లు మూసుకుని నడుం వాల్చినా కొంత ఓపిక తిరిగొస్తుంది. కారులో పడుకునేవాళ్లు ఇంజను, ఏసీ ఆపేసి, నీడలో, అద్దాలు దించి పడుకోవాలి.

రాత్రి నిద్రని లాగాల్సింది ముందుకే: పొద్దున ఆలస్యంగా లేవడం ఉద్యోగంలో కుదరదు కాబట్టి, పడుకునే టైము ముప్పావు గంట నుంచి గంట ముందుకి జరపండి. మూత్రానికి పదే పదే లేవాల్సి రావడం ఈ నెలల్లో మామూలే. రోజు మొత్తం నీళ్లు తగ్గించకుండా, పడుకోబోయే రెండు గంటల ముందు నుంచి మాత్రం తగ్గించండి. పడుకునేముందు బాత్రూముకి వెళ్లి, రెండు నిమిషాలాగి మరోసారి ప్రయత్నించండి. లేచినప్పుడు పెద్ద లైటు వేయకండి. ఎటు తిరిగి పడుకోవాలన్న దిగులు ఇప్పుడొద్దు. పక్కకే తిరిగి నిద్రపోవాలన్న సలహా 28 వారాల తర్వాతది. నిద్రమాత్రలు మాత్రం సొంతంగా వేసుకోకండి, ఇంట్లో ఉన్న పాత స్ట్రిప్పులోంచి అసలే వద్దు.

కాఫీ లెక్క

పూర్తిగా మానాల్సిన పనిలేదు. రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకూడదన్నది డాక్టర్లు ఎక్కువగా చెప్పే హద్దు. పెద్ద కప్పు ఇన్‌స్టంట్ కాఫీలో సుమారు 100, ఫిల్టర్ కాఫీలో 140, టీలో 75 మిల్లీగ్రాములు ఉంటాయి. కోలా క్యాన్‌లో 40 దాకా. గ్రీన్ టీలో కెఫీన్ ఉండదనుకోవడం పొరపాటు, దాదాపు టీ లెక్కే. ఎనర్జీ డ్రింకులు ముట్టకండి. ఈ హద్దులో ఇన్‌స్టంట్ కాఫీనో టీనో అయితే రెండు కప్పులు పడతాయి, ఫిల్టర్ కాఫీ అయితే ఒకటే. ఆ రెండు కప్పుల్ని పొద్దున ఒకటి, మధ్యాహ్నం కునుకులోపు ఒకటి సర్దుకోండి.

ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లకి దీంట్లోనే ఇంకో మెలిక. కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, మంటకి వేసుకునే యాంటాసిడ్, ఇవన్నీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. వీటికీ ఐరన్‌కీ మధ్య కనీసం రెండు గంటలు ఉండాలి. థైరాయిడ్ మాత్రకీ ఐరన్‌కీ నాలుగు గంటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణులకి సూచించేది రోజుకి 30 నుంచి 60 మిల్లీగ్రాముల ఎలిమెంటల్ ఐరన్ (మాత్రలో ఉండే అసలు ఐరన్), 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. స్ట్రిప్పు మీద పెద్ద అంకె చూసి కంగారుపడకండి: 300 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్‌లో అసలు ఐరన్ 60 మాత్రమే. ఐరన్ వికారం పెంచుతోందని మొత్తం మానేసేవాళ్లున్నారు. మానేముందు రాత్రికి మార్చి చూడండి, కుదరకపోతే వేరే రకం రాయమనండి. ఫోలిక్ ఆమ్లం మాత్రం 12 వారాలదాకా ఒక్కరోజు కూడా తప్పకూడదు.

పనివేళలు మీ చేతిలోకి

మీ పట్టీలో ఓపిక ఉన్న గంటలు ఏవో కనబడతాయి. చాలామందికి అవి టిఫిను తిన్నాక రెండు మూడు గంటలు. తప్పు జరగకూడని పని (లెక్కలు, ఉత్తరాలు, ఎవరితోనైనా గట్టిగా మాట్లాడాల్సినవి) ఆ గంటల్లో పెట్టండి. ఫైళ్లు సర్దడం, మెయిళ్లకి పొడి జవాబులు మధ్యాహ్నానికి వదిలేయండి. ఇప్పుడు మతిమరుపు కూడా ఉంటుంది కాబట్టి ఏదీ తలలో పెట్టుకోకండి, కాగితం మీద పెట్టండి. ఇంటిపనిలో ఈ ఆరేడు వారాలకి ఏం మానేస్తారో ముందే తేల్చి ఇంట్లోవాళ్లకి పేరుపేరునా అప్పజెప్పండి. "కాస్త సాయం చెయ్యండి" అంటే ఎవరూ చేయరు, "రాత్రి గిన్నెలు నీవి" అంటే చేస్తారు.

మూడో నెల నిండేదాకా ఆఫీసులో చెప్పకూడదనుకుంటే ఫరవాలేదు, సంగతి చెప్పకుండానే సర్దుబాటు అడగొచ్చు. అడిగేటప్పుడు ఎన్నాళ్లు, సరిగ్గా ఏం కావాలి, ఏ పని ఆగదు అనే మూడూ ఉండాలి. ఇలా: "మేడమ్, డాక్టరు సలహా మీద వచ్చే ఆరు వారాలు నాకు చిన్న వెసులుబాటు కావాలి. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేస్తాను, మధ్యాహ్నం రెండు నుంచి మూడు మధ్య మీటింగులు లేకుండా చూడండి. నెలాఖరు రిపోర్టు ఎప్పటిలాగే 28కల్లా ఇచ్చేస్తాను." ఒంట్లో బాలేదని వట్టిగా చెప్తే అవతలివాళ్లకి ఏం చేయాలో తెలియక ఊరుకుంటారు.

కొన్ని ఉద్యోగాల్లో మాత్రం దాచకూడదు, తెలిసిన రోజే చెప్పాలి: ఎక్స్‌రే, కీమోథెరపీ మందులు, సీసం, పెయింటు ద్రావకాలు, పురుగుమందులు, కొలిమి వేడి, పెద్ద బరువులు. శిశువు అవయవాలు చాలావరకు మొదటి పది వారాల్లోనే రూపు కడతాయి, మూడో నెలదాకా ఆగితే ఆ కాలం దాటిపోతుంది. నైట్ షిఫ్టులు పగటికి మారుతాయేమో డాక్టరు ఉత్తరంతో అడగండి. ఇక బండి నడిపేటప్పుడు ఒక్క ఆవులింత తర్వాత ఇంకోటి వస్తుంటే పక్కకి ఆపేయండి, కిటికీ దించుకోవడం, పాటలు పెట్టుకోవడం నిద్రని ఆపవు.

ఓపిక ఉన్న రోజు పావుగంట నడక మంచిదే, నిద్ర కూడా బాగా పడుతుంది. లేని రోజు బలవంతం లేదు.

పరీక్షలు, ఆగకుండా వెళ్లాల్సినవి

హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా తక్కువుంటే మొదటి మూడు నెలల్లో దాన్ని రక్తహీనతగా లెక్కిస్తారు. మొదటి విజిట్‌లో దాంతోపాటు ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగరు, మూత్ర పరీక్ష గురించి అడగండి. గర్భంలో మూత్రంలో ఇన్ఫెక్షన్ ఏ మంటా లేకుండా కూడా ఉండొచ్చు. ఒంటి నీరసంతోపాటు రెండు వారాలుగా దేని మీదా మనసు లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అదీ డాక్టరుకి చెప్పాల్సిన లక్షణమే, దాచుకునే సంగతి కాదు. 16 వారాలు దాటినా ఓపిక రాకపోతే పరీక్షలు మళ్లీ చేయించమనండి.

వీటికి మాత్రం అపాయింట్‌మెంటు కోసం చూడకండి: రక్తస్రావం, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, భుజం చివర నొప్పి, స్పృహ తప్పడం, ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టడం, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, 24 గంటలుగా నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోవడం లేదా ముదురు రంగులో రావడం.