అంతరిక్షం చూసొచ్చిన సామాను కొనేముందు కాగితాలు చూడండి

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చంద్రుడి కోసం జరిపిన అపోలో యాత్రల్లో పోయొచ్చిన చెక్‌లిస్టు పేజీ, పెన్ను, టూత్‌బ్రష్ లాంటివి నల్లగొండలో కూర్చొని కూడా కొనొచ్చు, ఆన్‌లైన్ వేలంపాటల్లో వస్తుంటాయి. కాకపోతే ప్లాట్ కొనేటప్పుడు లింక్ డాక్యుమెంట్లు ఎట్ల అడుగుతామో ఇక్కడా అట్లనే అడగాలి, ఎందుకంటే పైకి పోయొచ్చిన పెన్నుకూ పోనిదానికీ చూడ్డానికి తేడా ఏమీ ఉండదు.

అమ్మేవాళ్లు రాసిన వివరం నిదానంగా చదవండి. ట్రైనింగ్‌లో వాడింది, స్పేర్‌గా చేసి పక్కన పెట్టింది కూడా అసలైన నాసా సామానే, కానీ భూమి దాటలేదు, కాబట్టి రేటు కూడా బాగా తక్కువుండాలి. తర్వాత పార్ట్ నంబరు, సీరియల్ నంబరు వెతకండి. అపోలో 11 లాంటి యాత్రల్లో ఏ వస్తువు ఎక్కడ సర్దారో రాసిన స్టోవేజ్ లిస్టులు నెట్‌లో దొరుకుతాయి, వాటితో పోల్చుకోండి. నంబరుకు ఎంత విలువుందంటే, అపోలో 11లో చంద్రుడి మట్టి తెచ్చిన సంచి రికార్డుల గందరగోళంలో పడి, 2015లో ప్రభుత్వ వేలంలో 995 డాలర్లకే పోయింది. నంబరును బట్టి అదేంటో తేలాక, నాసాతో కోర్టు గొడవ కూడా ముగిశాక, 2017లో 18 లక్షల డాలర్లు పలికింది!

వ్యోమగామి సంతకంతో ఉత్తరం ఉంటే ఇంకా మంచిది, కానీ అందులో ఆ వస్తువు పేరు, యాత్ర పేరు ఉండాలి. అమ్మేవాడే ప్రింట్ తీసిచ్చిన రంగుల సర్టిఫికెట్‌ను నేనైతే లెక్కలోకి తీసుకోను. మెర్క్యురీ, జెమిని (అపోలోకు ముందటి నాసా యాత్రలు), అపోలో వ్యోమగాములు దాచుకున్న చిన్నచిన్న సామాన్ల మీద హక్కు వాళ్లదేనని 2012లో అమెరికా చట్టం చేసింది, అందుకే వాళ్ల నుంచి వచ్చినవాటికి టెన్షన్ తక్కువ. చంద్రశిలలకు ఆ చట్టం వర్తించదు. అపోలో రాయి ముక్క ఉందని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి.

పాట పాడేముందు వేలం సంస్థ కమీషన్, కొరియర్, కస్టమ్స్ అన్నీ కలిపి లెక్కేసుకోండి, పాడిన రేటు దగ్గరే ఆగదు.

ఇంటికొచ్చాక అసలు శత్రువు మన ఎండాకాలం. కాగితాలైతే యాసిడ్ లేని కవర్లో పెట్టి, ఎండ తగలని బీరువాలో, సిలికా జెల్ పొట్లంతో ఉంచండి. క్లాక్ టవర్ దగ్గర లామినేషన్ చేయిద్దామని మాత్రం అనుకోవద్దు. చాలా వస్తువుల వెనక వెల్క్రో ముక్క అతికించి ఉంటుంది, సున్నా గురుత్వంలో తేలిపోకుండా గోడకు అంటుకోవడానికి. పాత జిగురు ఎండి అది ఊడొస్తే ఫెవిక్విక్ తీయకండి, ఊడిన ముక్కను చిన్న కవర్లో వేసి అదే డబ్బాలో పెట్టేయండి.