పాత రివాల్వర్లను గుర్తుపట్టడం – 6వ పాఠం: ఏ మార్క్ 4?

పోయిన పాఠం చివర రెండు ఫొటోలిచ్చి పేర్లు రాయమన్నాను. దాదాపు అందరూ రెండింటి కిందా 'వెబ్లీ మార్క్ 4' అనే రాశారు (వెబ్లీ బ్రిటిష్ తుపాకుల కంపెనీ, మార్క్ అంటే మోడల్ వరస నంబరు). మిర్యాలగూడ నుంచి ఒకాయన ఇంకాస్త ముందుకెళ్లి 'సీరియల్ నంబరు 145/200' అని కూడా చేర్చారు. తప్పు నాదే. 'మీద ఉన్న పేరు చదవండి, చాలు' అని చెప్పి ఊరుకున్నాను. ఈసారి పిస్టళ్లు మొదలుపెడదామనుకున్నా గానీ, ఈ ముడి విప్పకుండా ముందుకు పోతే అక్కడా ఇదే గోల.

ముందు ఆ 145/200. అది నంబరు కాదు, ఆ రివాల్వర్‌లో వాడే గుండు బరువు. 145 గ్రెయిన్లది, 200 గ్రెయిన్లది, రెండు రకాలూ పేలుస్తుందని అర్థం. 200 గ్రెయిన్లంటే సుమారు 13 గ్రాములు. ఇదే అచ్చు వందల రివాల్వర్ల మీద ఉంటుంది. దాన్ని సీరియల్ నంబరని రిజిస్టర్‌లో ఎక్కిస్తే అన్నీ ఒకటే తుపాకీ అవుతాయి.

ఇక మార్క్ 4. మన దగ్గర కొత్తపల్లి పేరుతో ఎన్ని ఊళ్లున్నాయి? బస్సెక్కే ముందు 'ఏ కొత్తపల్లి?' అని అడగమా? ఇదీ అంతే. .455 బోరు (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో) పెద్ద రివాల్వర్లలో మార్క్ 1 బ్రిటిష్ సైన్యంలోకి 1887లో వచ్చింది, మార్క్ 4 1899లో, మార్క్ 6 1915లో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, అంత బరువైనది అందరి చేతికీ లొంగదని సైన్యం .38 వైపు మళ్లింది. వెబ్లీ వాళ్ల .38కి కూడా మార్క్ 4 అనే పేరు. 4 తర్వాత 6 వచ్చింది కదా, మళ్లీ 4 ఏమిటని తల గోక్కోకండి, ఆ వరస వేరు, ఈ వరస వేరు.

ఫొటోలో నేను ముందు పిడి చూస్తాను. .455 మార్క్ 4 పిడి కిందికి వచ్చేసరికి చిలక ముక్కులా వంగుతుంది. .38 పిడి కింద వెడల్పై, అడుగు చదునుగా ఉంటుంది. ఫొటో మసకగా ఉన్నా ఇది దొరుకుతుంది. గొట్టం పొడవు కొలిచి చెప్తామనేవాళ్లతో నాకు పడదు, ఒకే మోడల్‌లో రెండు మూడు పొడవులుంటాయి.

అసలు నాకు చిరాకు తెప్పించేది ఎన్‌ఫీల్డ్. పైకి .38 వెబ్లీకి కవల పిల్ల. వెబ్లీ నమూనా చూసి, కొన్ని మార్పులతో బ్రిటిష్ ప్రభుత్వ కర్మాగారం తయారుచేసుకున్నదే ఎన్‌ఫీల్డ్ నంబర్ 2. రెండో యుద్ధంలో అవి చాలక వెబ్లీలూ కొన్నారు. అందుకే మన పోలీసు బీరువాల్లో రెండూ పక్కపక్కనే ఉండేవి. నేను ఆర్మరర్‌గా (పోలీసు ఆయుధాలు బాగుచేసేవాడిగా) చేరిన కొత్తలో, ఒక ఠాణా రిజిస్టర్‌లో 'వెబ్లీ' అని ఉందని నల్లగొండ నుంచి వెబ్లీ సుత్తి (ట్రిగ్గర్ నొక్కితే తూటాను పేల్చే భాగం) జేబులో వేసుకుని బస్సులో వెళ్లాను. తీరా చూస్తే ఎన్‌ఫీల్డ్. ఒకదాని భాగాలు ఇంకోదానికి కూర్చోవు. మధ్యాహ్నమంతా ఎండలో తిరుగు బస్సు కోసం నిలబడ్డాను.

ఇక్కడే మీరు మళ్లీ పడతారు. 'సుత్తికి కొమ్ము లేకపోతే ఎన్‌ఫీల్డ్' అని పోయిన పాఠంలో రాశాను (కొమ్మంటే సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగే కొస). అది నిజమే. ట్యాంకు లోపల ఎక్కుతూ దిగుతూ ఉంటే కొమ్ము వాటికీ వీటికీ తగులుకుంటోందని 1938 రకంలో తీసేశారు. దాన్ని మీరు తిరగేసి 'కొమ్ము ఉంటే వెబ్లీ' అని చదువుకున్నారు. కాదు! 1932 నాటి మొదటి ఎన్‌ఫీల్డ్‌కూ కొమ్ము ఉంది. కొమ్ము లేకపోతే ఎన్‌ఫీల్డ్ అనుకోవచ్చు. కొమ్ము ఉంటే ఏమీ తేలలేదని అర్థం, అక్షరాలు వెతకాలి. సుత్తి కింద, కుడి పక్కన చూడండి. అక్షరాలు అరిగిపోతే చాక్‌పీసు పొడి వేలితో రుద్ది, పైపైన తుడిచేయండి. గాడిలో మిగిలిన తెలుపే చదివిస్తుంది. ఖాళీగా ఉందో లేదో మీ కళ్లతో చూడకుండా మాత్రం చేయి పెట్టొద్దు, అదీ లైసెన్సుదారు ఎదుట ఉన్నప్పుడే.

విలేకరి మిత్రులకు ఒక మాట: '.32 ఎంఎం రివాల్వర్' అని రాయకండి. అది అంగుళాల లెక్క, సుమారు 8 మిల్లీమీటర్లు. .32 మిల్లీమీటర్ల గొట్టంలో ఆవగింజ కూడా దూరదు.

కాన్పూర్‌లో తయారయ్యే .32 కూడా వెబ్లీ పోలికే. దాని సంగతి వచ్చేసారి.

అభ్యాసం: పోయినసారి ఇచ్చిన రెండు ఫొటోలే తీయండి. పేరున్న చోట బొటనవేలు పెట్టి, ఒక్కోదాని గురించి పది వాక్యాలు రాయండి. 'వెబ్లీ', 'ఎన్‌ఫీల్డ్', 'మార్క్' అనే మాటలు ఎక్కడా రాకూడదు. ఆ కాగితం ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి ఏది ఏ ఫొటోనో చెప్పమనండి. వాళ్లు చెప్పలేకపోతే మళ్లీ మొదటి నుంచి రాయండి.