యూనియన్‌లో చేరారని తీసేస్తే: కాగితం ఎలా నడపాలి

యూనియన్‌లో చేరినందుకు తీసేస్తున్నామని ఏ యాజమాన్యమూ ఆర్డరులో రాయదు. ఆలస్యం, అవిధేయత, పనితీరు అని రాస్తుంది. అందుకే కేసు తేదీల మీద నిలుస్తుంది. మీరు ఎప్పుడు చేరారు, ఆ సంగతి మేనేజ్‌మెంట్‌కు ఎప్పుడు తెలిసింది, మొదటి మెమో ఎప్పుడు వచ్చింది? చాలామంది ఆధారం లేక ఓడేది రెండో ప్రశ్న దగ్గరే. ‘సభ్యత్వం సంగతే మాకు తెలియదు’ అని హెచ్‌ఆర్ అంటే మీ చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కార్యవర్గం పేర్లతో యూనియన్ లేఖను స్పీడ్ పోస్టులో పంపి, రసీదునూ డెలివరీ రుజువునూ దాచుకోండి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే చట్టంలో రెండో షెడ్యూలు (అన్యాయమైన కార్మిక పద్ధతుల జాబితా) చదవండి. చేరితే తీసేస్తామని బెదిరించడం, యూనియన్ కడుతున్న సమయంలోనే దాన్ని దెబ్బతీయడానికి జీతాలు పెంచడం, దురుద్దేశంతో బదిలీ చేయడం, ఇవన్నీ నిషేధం. జరిమానా 10,000 నుంచి 2 లక్షల రూపాయలు. అయితే ఆ డబ్బు కార్మికుడికి రాదు, ఉద్యోగమూ తిరిగి రాదు. ఉద్యోగం కావాలంటే వివాదం విడిగా లేవనెత్తాలి.

చట్టం దృష్టిలో మీరు కార్మికుడేనా అన్నది ముందే తేల్చుకోండి. నెలకు 18,000 దాటి జీతం తీసుకునే సూపర్‌వైజరుకు ఈ రక్షణ లేదు. కానీ చూసేది చేసే పనిని, హోదాను కాదు. ‘టీమ్ లీడ్’ అని బోర్డు తగిలించి డేటా ఎంట్రీ చేయిస్తుంటే రోజువారీ పనుల వివరాలు రాసి పెట్టుకోండి.

బదిలీ ఆర్డరు వస్తే ఇంట్లో కూర్చోవద్దు. గైర్హాజరీ అని కొత్త ఛార్జిషీటు ఇస్తారు. ‘అభ్యంతరం తెలుపుతూ చేరుతున్నాను’ అని రాసిచ్చి చేరండి, ఆ తర్వాతే పోరాడండి. రాజీనామా బలవంతంగా రాయించుకుంటే అదే రోజు మెయిల్‌లో వెనక్కి తీసుకోండి. ఆమోదించే లోపు అది చేరడం ముఖ్యం. స్టాండింగ్ ఆర్డర్లు (సంస్థలో ఉద్యోగ షరతుల రాతపూర్వక నిబంధనలు) వర్తించే చోట సస్పెన్షన్‌లో మొదటి 90 రోజులు సగం వేతనం భృతిగా రావాలి. ఆలస్యం మీ వల్ల కాకపోతే తర్వాత 75 శాతం.

వివాదం తలెత్తిన రెండేళ్లలోపే రాజీ అధికారి (ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నించే ప్రభుత్వ అధికారి) దగ్గరికి వెళ్లాలి. మామూలు ఫ్యాక్టరీలకు రాష్ట్ర కార్మిక శాఖ. సింగరేణి, రైల్వేలు, బ్యాంకులకు కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగం. అర్జీ తప్పు కార్యాలయంలో పడితే నెలలు పోతాయి. రాజీ కుదరకపోతే ఆ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయండి.

యూనియన్ కార్యవర్గంలో ఉన్నవారికి గుర్తింపుగా ఇచ్చే ‘రక్షిత కార్మికుడి’ హోదా ఎప్పుడూ కాపాడుతుందనుకుంటారు. నిజానికి అది వివాదంపై విచారణ నడుస్తున్నంత కాలమే: ఆ సమయంలో తీసేయాలంటే వివాదం ఎవరి ముందుందో ఆ అధికారి రాతపూర్వక అనుమతి ముందే కావాలి.

పెళ్లి, గర్భం లాంటి సొంత విషయాల్లోనూ యాజమాన్యానికి హద్దుంది. పెళ్లయితే ఉద్యోగం పోతుందన్న ఒక ఔషధ కంపెనీ నిబంధనను సుప్రీంకోర్టు 1965లోనే కొట్టేసింది. ఎల్‌ఐసీ ఉద్యోగ ఫారంలో మహిళలను నెలసరి వివరాలు అడగడాన్ని 1991లో తప్పుబట్టింది. అలాంటి ఫారం ఇస్తే నింపేముందు ఫొటో తీసుకోండి.